కంచెయు, చేనును
(అనకాపల్లి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దమంజరియు, సంధులును, సమాసములును బోధించిన నాబోటివానికి ధనవ్యవహారములను గూర్చి మాటలాడు నధికార మెక్కడిదని మీలో కొందఱకు దోపవచ్చును. నాకును దోచినది. కాని నిన్నటి కార్యవర్గ సమావేశమున మన విద్యానిధిని గూర్చి జరిగిన చర్చను వినిన పిమ్మట నూరకుండుట ధర్మము గాదని తలచి, కార్యదర్శిగారి యనుమతితో నీ నాలుగు మాటలు వ్రాసికొని వచ్చితిని.

విషయ మిది. మన పెద్దలు ధాన్యపు బస్తాలును, బెల్లపు దిమ్మలును చందాగా నిచ్చి మొదలిడిన విద్యానిధి నేటికి కోటి రూపాయలను కొంచెము మించినది. దానిపై వచ్చు వడ్డీతోనే మన వసతిగృహమున పిల్లలు భుజించి చదువుకొనుచున్నారు. బియ్యము, పప్పు ధరలు పెరిగినవి, వడ్డీ పెరుగలేదు. ఈ యిబ్బందిని చూచి మన పోషకులలో నొక యుదారపురుషులు, నిధినంతయు నొక హెడ్జి ఫండునందుంచినచో బాగుండునని సూచించిరి. ఆ ఫండు నాలుగేండ్లుగా సాలునకు నూటికి 20కి తగ్గకుండ లాభ మిచ్చినదట. వారి సదుద్దేశమును శంకించువాడు మన సంఘమున లేడు, నేనసలే గాను. నేను శంకించునది లెక్కను మాత్రమే.

హెడ్జి యను నాంగ్ల శబ్దమునకు కంచె యని యర్థము. మన యూరి బెల్లపు వర్తకుని దృష్టాంతముగా గొందము. అతడు దిమ్మలు కొని గిడ్డంగిలో నుంచినాడు. ధర పెరిగిన లాభము, తగ్గిన నష్టము. నిద్రపట్టక, సరకులో సగమును రెండు నెలల పిమ్మట నీ ధరకే యిచ్చెదనని యిప్పుడే యొకనితో నొడంబడిక చేసికొన్నాడు. ధర పడిపోయినను సగము సరకు నిలిచినది. పెరిగినచో నా సగముపై లాభము పోవును. అది కంచెకైన ఖర్చు. కంచె వేయుట యనగా నింతియే.

దీనిని షేర్ల వ్యాపారమునందు ప్రయోగించి 1949వ సంవత్సరమున అమెరికాలో నొక నిధిని స్థాపించినవాడు ఆల్‌ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్. ఆయన పుట్టువర్తకుడు గాడు. సమాజశాస్త్రము చదివి, పత్రికలకు వ్యాసములు వ్రాసినవాడు. లక్ష డాలర్లతో నారంభించెను. అందు 40,000 తనవే. మంచివని తోచిన షేర్లను కొనుటయు, చెడ్డవని తోచినవానిని అరువు తెచ్చి యమ్మి ధర తగ్గిన పిమ్మట కొని తిరిగి యిచ్చుటయు నాయన పద్ధతి. అంగడి యంతయు పడినను రెండవ విధమున వచ్చు లాభము మొదటి నష్టమునకు కంచెవలె నిలుచును. లాభములో నయిదవ వంతు తన నేర్పునకు ప్రతిఫలముగా గ్రహించెను. కాలక్రమమున నా పేరు నిలిచినది గాని, కంచె నిలువలేదు. నేడు హెడ్జి ఫండని పిలువబడువానిలో కొన్ని కంచెలు వేయును. కొన్ని అప్పు తెచ్చి, పొలముగట్టు దాటి సాహసములు చేయును. పేరు చూచి మోసపోరాదు.

మన దేశమున నిట్టివానిని సెబీ సంస్థ 2012వ సంవత్సరపు నియమావళిచే మూడవ తరగతి ప్రత్యామ్నాయ నిధులుగా పరిగణించినది. సామాన్య మదుపరి కోటి రూపాయలకు తక్కువ తెచ్చినచో చేర్చుకొనరాదు. ఈ నియమ మెందులకు? నష్టము వచ్చినను భరింపగల ధనవంతులు మాత్రమే యందు ప్రవేశింపవలెనని. మన కోటి ధనికుని యొద్ద మిగిలిన కోటి గాదు. పిల్లల కంచములోని కోటి. తలుపు దాటుటకు చాలినంత సొమ్మున్నదనుట వేఱు, లోపల నష్టపోవుటకు చాలినంత యున్నదనుట వేఱు.

కావున నే నడుగదలచిన ప్రశ్నలు మూడు. ఆ లాభము నేర్పా, అదృష్టమా? ఆ లాభమునకై యే యపాయమును మోసిరి? లాభములో నెవరి కెంత?

మొదటి ప్రశ్న. మన నూకాలమ్మ తల్లి జాతరకు వచ్చినవారిలో 1,024 మందిని నిలువబెట్టి, ఒక్కొక్కనిచేత రూపాయి బిళ్ల నెగురవేయింతమనుకొందము. బొమ్మ పడినవాడు నిలుచును. బొరుసు పడినవాడు కూర్చుండును. మొదటిసారికి సుమారు 512 మంది, రెండవసారికి 256 మంది నిలుతురు. నాల్గవసారికి 64 మందియు, పదియవసారికి రమారమి యొక్కడును మిగులుదురు. ఆ యొక్కనికి పూలదండ వేసి, నాణెము నెగురవేయుటలో మహాపండితుడని సన్మానింతుమా? నాలుగేండ్లు వరుసగా గెలిచిన ఫండును చూచినపుడు, నాలుగుసార్లు బొమ్మ పడిన యా 64 మంది నాకు జ్ఞప్తికి వచ్చుచున్నారు. నేర్పు లేదని నే ననను. నాలుగేండ్ల లాభము మాత్రమే నేర్పునకు నిదర్శనము గాదందును.

రెండవ చిక్కు మఱియొకటి. నే నుద్యోగము చేసిన కాలమున నొక పాఠశాల యుండెడిది, పేరేల? ఆ బడిలో ప్రతి సంవత్సరము నూటికి నూఱుగురు నుత్తీర్ణులు! రహస్యమేమనగా, చదువు రాని పిల్లలను పరీక్షకు ముందే బడి మాన్పించెడివారు. పెట్టుబడుల లోకమునను నిదే తంతు. నష్టపోయిన ఫండులు మూతపడును. వాని పేర్లు పట్టికలనుండి జారిపోవును. బ్రతికినవాని లెక్కలే మన కండ్లబడును. వానిని సగటు చేసి చూచి, యిది గొప్ప వ్యాపారమని భ్రమింతుము.

అట్లయిన నేర్పును గుర్తించు తెఱగేది? భారతారణ్యపర్వములోని నలోపాఖ్యానము మీరెఱుగుదురు. జూదమున రాజ్యము పోగొట్టుకొనిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలుచుండగా, నారాజు త్రోవలోనున్న తాండ్రచెట్టును చూచి దాని యాకుల, కాయల సంఖ్యను చెప్పెను. నలుడు వెంటనే నమ్మలేదు. ఆలస్యమగుచున్నదని రాజు తొందరపెట్టినను రథము నిలిపి, చెట్టును పడగొట్టి, లెక్కించి, సంఖ్య సరిపోయిన పిమ్మటనే యా విద్యను గోరెను. ముందు లెక్కించుట, పిమ్మట నమ్ముట. జూదమున సర్వము పోయినవాడు నేర్చుకొనిన మొదటి పాఠ మదియే.

మన కాలమునను నిట్టి చెట్టు లెక్క యొకటి జరిగినది. అమెరికాలోని ఒమాహా నగరవాసి వారెన్ బఫెట్ గారు, ఎన్నికలే లేక పెద్ద సంస్థల షేర్లనన్నిటిని గలిపి కొను నగ్గువ ఇండెక్సు ఫండే, నిపుణులేర్చిన హెడ్జి ఫండులను పదేండ్లలో మించునని పందెము వేసిరి. ప్రొటేజె పార్ట్‌నర్స్ అను సంస్థవారు దానిని స్వీకరించి, అయిదు నిధులను ఎన్నుకొనిరి. అవి తమ సొమ్మును వందకు మించిన హెడ్జి ఫండులలో పంచిపెట్టినవి. పందెము 2008 జనవరి 1న మొదలైనది. ఆ యేడు అంగడి కూలి ఇండెక్సు ఫండు నూటికి 37 నష్టపోయెను; అయిదు నిధులును దానికంటె తక్కువగా నష్టపోయినవి. అప్పుడు తీర్పు చెప్పినచో నిపుణులే గెలిచిరనవలెను. కంచె తన పని తాను చేసినదనుటయు న్యాయమే. కాని 2017 ముగియునప్పటికి ఇండెక్సు ఫండు మొత్తముమీద నూటికి 125.8 పెరిగెను. అయిదింటిలో మేలైనది 87.7, తొమ్మిదేండ్లకే మూతపడిన యొకటి 2.8 మాత్రమే. పందెపు సొమ్ము ఒమాహాలోని బాలికల సేవాసంస్థకు జేరినది.

నిజమైన నేర్పరులు లేరా? కలరు. జిమ్ సైమన్స్ అను గణితపండితుని మెడాలియన్ నిధి యట్టిదని లోక మంగీకరించినది. కాని యాయన 1993లోనే క్రొత్తవారికి తలుపులు మూసి, తరువాత బయటివారి సొమ్మును తిరిగి యిచ్చివేసెను. నిజమైన నేర్పున్నవానికి మన కోటితో పనియుండదు. మన కోటితో పనియున్నవాని నేర్పును లెక్కించి చూడవలెను.

రెండవ ప్రశ్న అపాయమును గూర్చినది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ధర్మస్థీయాధికరణమునందు నెలవడ్డీలను నిర్ణయించినాడు. నూటికి ఒకటింబావు ధర్మ్యమైన వడ్డీ. వర్తకులకు 5, అడవులలోబడి సరకు కొనిపోవువారికి 10, సముద్రముపై పోవువారికి 20. సముద్రవర్తకుడు పుణ్యాత్ముడనియో, మేధావియనియో వాని యొద్ద నిరువది తీసికొనుమనలేదు. ఓడ మునుగునని భయపడి తీసికొనుమన్నాడు. అధికమైన వడ్డీ అపాయమునకు మూల్యము. కనుక నెవరైనను నిరువది యిచ్చెదమని చెప్పి, అపాయమేమియు లేదన్నచో, అయ్యా! మీ సముద్ర మెక్కడనున్నదని యడుగుడు. అది లేకపోలేదు, మనకు చూపలేదు.

ఆ సముద్రము సాధారణముగా అప్పునందు దాగియుండును. 1994లో అమెరికాలో లాంగ్ టెర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అను హెడ్జి ఫండు నెలకొన్నది. అందలి భాగస్వాములలో మెర్టన్, షోల్స్ అను నిద్దఱు 1997లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమాన మందిరి. 1995, 1996 సంవత్సరములలో ఖర్చులు పోగా నూటికి నలుబదేసి లాభము తెచ్చిరి. పాండిత్యమునకు కొఱత లేదు. అయితే 1998 ఆరంభమున వారి స్వంతధనము సుమారు 470 కోట్ల డాలర్లు. అప్పుతో కొన్న యాస్తులు సుమారు 12,500 కోట్ల డాలర్లు. అనగా నూఱు రూపాయలు గలవాడు రెండువేల అయిదువందలకుపైగా సరకు కొన్నట్లు. సరకు ధర నూటికి నాలుగు తగ్గిన చాలును, స్వంతసొమ్ము సున్న. 1998 ఆగష్టులో రష్యా ప్రభుత్వము ఋణములు చెల్లింపజాలనన్నది. కొలది వారములలో నిధి కూలెను. లోకపు బ్యాంకులకే చేటు వచ్చునని భయపడి, న్యూయార్కులోని ఫెడరల్ రిజర్వు బ్యాంకువారు పూనుకొని 14 సంస్థలచేత సుమారు 360 కోట్ల డాలర్లు పోయించి దానిని నిలిపిరి. నోబెల్ పండితులు గట్టున నిలిచి చూచినను వరద యాగదు.

మా సొమ్మును పలుచోట్ల పెట్టితిమి, భయము లేదని కొందఱందురు. మంచి మాటయే. కాని పలుచోట్లనగా నేమి? ఒక ఆసామికి కశింకోటలో నెకరము, మునగపాకలో నెకరము, చోడవరము దిక్కున రెండెకరములు చెఱకున్నదనుకొనుడు. పొలములు మూడుచోట్ల నున్నవి గదాయని ధైర్యము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినది. మూడుచోట్లను చెఱకు నేలపై బడినది. పొలములు వేఱు, గాలి యొక్కటే. పెట్టుబడుల మూటలో నెన్ని యున్నవని గాక, ఒక్క గాలికి నెన్ని పడునని లెక్కింపవలెను.

ఇక నంతయు నొక్కచోటనే యుంచినవారి గతి తెలుగువారికి వేఱుగ చెప్పనేల? మన హైదరాబాదు సత్యము కంప్యూటర్స్ 2008లో నుత్తమ నిర్వహణకై బహుమాన మందినది. 2009 జనవరి 7న సంస్థాధ్యక్షుడే లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన సొమ్ములో అయిదువేల కోట్లకు మించినది లేనే లేదని యొప్పుకొనెను. ఆనాడుదయము సుమారు 179 రూపాయలున్న షేరు ప్రొద్దు గ్రుంకులోపల 40 రూపాయల చేరువకు దిగెను. తెలుగువాని సంస్థయను నభిమానముతో తమ సంపాదననంతయు నందే యుంచినవారి యిండ్లలో నాటి రాత్రి పొయ్యి వెలుగలేదు. అభిమానము మంచిదే; అది లెక్కాపత్రము గాదు.

మూడవ ప్రశ్న లాభపు పంపకమును గూర్చినది. ఈ నిధులలో పూర్వమునుండి వచ్చిన యాచారము మొత్తముపై సాలునకు నూటికి 2, లాభములో నూటికి 20. నూఱు రూపాయలపై పది లాభము వచ్చినదనుకొందము. ముందు రెండు పోవును. మిగిలిన యెనిమిదిలో 1.60 పోవును. మనకు దక్కునది 6.40. నష్టము వచ్చిన యేటను నా రెండు తప్పదు. ఏమంత, మూడున్నర రూపాయలే గదాయని యనకుడు. పది లక్షలు నూటికి 10 వంతున ఇరువదేండ్లకు 67 లక్షల 27 వేలగును. 6.40 వంతున 34 లక్షల 58 వేలు మాత్రమే. సగమునకు చేరువగా నెవరు తినిరి? కంచెయే చేను మేసినచో కాపాడువారెవరని మన పెద్దలూరక యన్నారా?

ఇచ్చట నా యవివేకమును గూర్చియు నొక మాట చెప్పుట న్యాయము. పదవీవిరమణమున వచ్చిన సొమ్ములో రెండు లక్షలను, నా పూర్వవిద్యార్థి యొకడు చెప్పగా, షేర్ల వ్యాపారము చేయుదుమన్న యొకరి చేతిలో బెట్టితిని. నెలకు నూటికి మూడు. పదునొకండు నెలలు ఆఱేసి వేలు తప్పక వచ్చినవి. నా భార్య, ఇంత తేలికగా వచ్చునది మనది గాదేమో చూడుమన్నది. నేను నవ్వితిని. పండ్రెండవ నెలలో పోయి చూడగా తలుపునకు తాళము వ్రేలాడుచున్నది. నాకు వచ్చిన 66,000 రూపాయలు లాభము గాదు. నా సొమ్మునే నాకు పంచి యిచ్చిరి. ఆ శిష్యుని నిందింపను, వాడును మోసపోయినవాడే. మన పోషకులు చూపిన ఫండు ఇట్టిదని నే ననుటలేదు. అది చట్టమునకు లోబడినదే కావచ్చును. అయితే నెలనెలా సొమ్ము వచ్చుచుండగా ప్రశ్నించు బుద్ధి యెట్లు నిద్రపోవునో నేననుభవించితిని. నాది పోయిన నొక వృద్ధుని తెలివితక్కువ. విద్యానిధి పోయిన నది పిల్లల చదువు.

యువకులారా! మీకును నొక్కమాట. సెల్‌ఫోనులలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడి ధనవంతులగుదుమని మీలో కొందఱి తలపు. సెబీవారు 2021-22 మొదలు 2023-24 వఱకు మూడేండ్ల లెక్కలు తీసి 2024లో ప్రకటించిరి. కోటికి మించిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. అందఱి నష్టము కలిపి లక్షా ఎనుబదివేల కోట్ల రూపాయలకు పైమాట. ఋతుపర్ణుని విద్య రాకమునుపు నలుడాడిన యాట యిదియే.

మఱి వసతిగృహపు ఖర్చున కేమి చేయుదము? నా మనవి యిది. మూడేండ్ల భోజనపు ఖర్చునకు సరిపడు సొమ్మును బ్యాంకులలో, ఒక్కదానిలో గాక పలుచోట్ల నుంచుడు. డిపాజిట్ల బీమా 2020 నుండి యొక బ్యాంకులో నొక ఖాతాదారునకు 5 లక్షల వఱకే యున్నదని మఱవకుడు. మిగిలినదానిలో నధికభాగమును వేర్వేఱు గడువులుగల ప్రభుత్వ ఋణపత్రములలో నుంచుడు. ఆదాయపు పన్ను శాసనము ధర్మనిధుల కేర్పఱచిన మార్గములు కొన్నియే. ఆ హద్దు దాటినచో పన్ను మినహాయింపునకే చేటు. ఆడిటరుగా రొప్పుకొనినచో, శాసన మనుమతించిన మేరకు, అయిదవ వంతునకు మించకుండ అగ్గువ ఇండెక్సు ఫండునం దుంచవచ్చును. అదియు పడును, పడినను పిల్లల యన్నము పడదు.

ఒక్క లెక్క చెప్పి ముగింతును. కోటిలో నూటికి 37 పోయినచో 63 లక్షలు మిగులును. మఱల కోటి గావలెనన్న నూటికి 37 లాభము చాలదు; సుమారు 59 రావలెను. ధనికుడు దానికై పదేండ్లు వేచియుండగలడు. పదవ తరగతి చదువు పిల్లవాడు పదేండ్లు వేచియుండలేడు.

ఇట్లు చేసినను వడ్డీ చాలదు; నిజము. ఆ లోటును మాయచేత గాదు, చందాచేత పూరింపవలెను. మన తాతలు దిమ్మ బెల్లము తలపై మోసికొనివచ్చి యీ నిధికిచ్చిరి. మనలో నొక్కొక్క యిల్లు సంవత్సరమున కొక దిమ్మ ఖరీదు నిచ్చినచో లోటు తీరును. హెడ్జి ఫండునందు నమ్మకముగల మహనీయులు తమ స్వంతధనము నందుంచి, వచ్చిన లాభములో కొంత మన వసతిగృహమునకు దయచేసినచో వారిని ప్రతి సంవత్సరము నీ వేదికపైననే సన్మానింతము. నిధి లెక్కలను, ఎచ్చట నెంత యున్నదో, ఏ యేటి కెంత ఖర్చయినదో, ఈ సంచికయందే యేటేట ముద్రింపవలెననియు తీర్మానము చేయ గోరుచున్నాను.

నా మాటలలో నెవరి మనస్సైనను నొచ్చినచో వృద్ధుడనని క్షమింపుడు. చేనునకు కంచె కావలెను. కంచె యేమి తినుచున్నదో చూచుచుండుట చేనుగలవాని పని. ఈ చేను పిల్లలది. మనము కావలివారము మాత్రమే.

స్వస్తి.